పెద్ద బండి ఆగదు

నవంబరు 9

ఆయన ట్రైనింగు నుంచి వచ్చేశారు. సెలవు ఇచ్చారట.

దసరా తర్వాత పోయిన మనిషికి అప్పుడే సెలవేమిటని అడగబోయి ఊరుకున్నాను. చిక్కిపోయారు. అక్కడి నీళ్ళు పడలేదేమో. మా అమ్మాయి ప్రతిభ బడి నుంచి వస్తూనే, భుజం మీది సంచి కూడా దించకుండా అడిగింది. "బాపూ, పెద్ద ఇంజిన్ నడిపినవా?"

"నడిపెటోళ్ల పక్కకు కూసున్న బిడ్డా."

"ఎట్లుంటది? మస్తుంటదా?"

ఆయన నా వైపు తిరిగి, స్నానానికి నీళ్ళు కాగినయా అన్నారు.

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. సిమెంటు కంపెనీ వాళ్ళు మా అన్న రామకిషన్ దుకాణానికి ఇచ్చిన డైరీ ఇది. సగం ఖాళీగానే ఉంది. ఇంట్లో దీని జోలికి ఎవరూ రారు. ప్రతిభకు ఇక్కడి బడిలో చెప్పే మరాఠీ చదవడమే వచ్చు. ఆయన తెలుగు మాట్లాడతారు గాని అక్షరాలు కూడబలుక్కోవాలి. సిర్పూరు బడిలో నేర్చుకున్న చదువు నాకిలా పనికొస్తోంది.

నవంబరు 12

సెలవు పొడిగించారట.

నవంబరు 15

అన్న వచ్చి పోయాడు. ఢిల్లీలో తలుపులన్నీ తెరిచేశారట, బయటి దేశాల కంపెనీలు వస్తాయట, సిమెంటు, బొగ్గు, బియ్యం అన్నీ ఇక మన ఊరి ఫోర్ట్ స్టేషను మీదుగానే పోతాయట. "ఇంక మీ చిన్న బండి ముచ్చట మర్చిపోండ్రి బావా. ఆటబొమ్మ అది" అన్నాడు. ఆయన నవ్వారు. పళ్ళు మాత్రమే నవ్వాయి.

ఆటబొమ్మే అనుకో. పెళ్ళయిన కొత్తలో నన్ను దాని మీదే నాగభీడ్ తీసుకుపోయారు. నడిపేది ఆయనే కాబట్టి నేను మొదటి డబ్బాలో ఒక్కదాన్నే కూర్చున్నాను. అడవిలో గట్టు ఎక్కేచోట బండి ఎంత మెల్లగా పోయేదంటే, పిల్లలు దిగి తునికిపండ్లు ఏరుకుని మళ్ళీ ఎక్కేవాళ్ళు. కట్టెలు కొట్టుకొచ్చే ఆడవాళ్ళు చెయ్యెత్తితే ఆయన ఆపేవారు. ఆవు అడ్డం వస్తే ఆపి, అది పోయేదాకా బీడీ కాల్చుకునేవారు. ఇన్నేళ్ళలో ఆయన బండి కింద ఒక్క కోడిపిల్ల కూడా పడలేదు. అది చెప్పేటప్పుడు మాత్రం ఆయన మెడ కొంచెం నిటారుగా అవుతుంది.

హోలీకి ముందు చిన్న బండి ఆగిపోయింది. పట్టాలు పీకేశారు. ఇంజిన్లను లారీల మీద ఎత్తుకుపోయారు. ఆయన్ను పెద్ద లైను నేర్చుకోమని పంపారు.

నీళ్ళు పడకపోవడమే అయి ఉంటుంది. ఇంకేముంటుంది?

నవంబరు 19

ఈ రోజు నేను చూసింది ఎవరికి చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

కూరగాయలకని పోయి మూల్ రోడ్డు గేటు దాటి లైను వెంబడే నడిచాను. ఎందుకు పోయానో తెలియదు. అక్కడ కొత్త పట్టాలు పరుస్తున్నారు. ఒక్కో పట్టా ఎంత పొడుగంటే ఈ చివర నిలబడితే ఆ చివర ఎండలో కరిగిపోయినట్టుంది. చెక్క దిమ్మెలు లేవు. అన్నీ సిమెంటువే, ఒక్కోదాన్ని ఎత్తడానికి చాలామంది మనుషులు కావాలి. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు. నా భాష వినగానే ఒకామె, "దూరం జరుగమ్మా, ఇప్పుడు నిప్పు పోస్తరు, కండ్లు పోతయ్" అంది.

రెండు పట్టాల కొసలు కలిసే చోట ఒక కుండ లాంటిది నిలబెట్టారు. అందులో ఏదో పొడి. ఒకతను దానికి నిప్పు తగిలించి పరుగెత్తాడు. ఆ తర్వాత వచ్చిన వెలుగుకు నా దగ్గర మాట లేదు. మిట్టమధ్యాహ్నం ఎండ దాని ముందు దీపంలా వెలవెలబోయింది. ఇనుము నీళ్ళయి, తెల్లగా, పాలలా లోపలికి దిగింది. చల్లారాక చెక్కి, రుద్ది, నునుపు చేశారు. పాలమూరు ఆమె "ఇప్పుడు చూడు" అంది. వంగి వేలితో తడిమాను. అతుకు ఎక్కడుందో వేలికి తెలియలేదు. ఇక్కడ మొదలైన ఇనుము బల్లార్షా దాకా, అక్కడినుంచి మద్రాసు దాకా, ఇటు ఢిల్లీ దాకా పోతుందట. నా వేలు దాని మీద పెట్టినప్పుడు ఆ ఊళ్ళన్నీ ఒక్కసారి తగిలినట్టయింది.

కూరగాయలు మర్చిపోయాను. ఇంట్లో పప్పు చేశాను.

నవంబరు 21

ఆయన పొద్దున్నే రొట్టెల డబ్బా కట్టించుకుని షెడ్డుకు పోతున్నారు.

షెడ్డులో ఇప్పుడు ఇంజిన్లు లేవు. అయినా ఏదో పని ఉండే ఉంటుంది.

నవంబరు 26

మళ్ళీ పోయాను. ఈసారి పసుపు రంగు యంత్రం ఒకటి వచ్చింది. ఇంటికంటే పొడుగు. పట్టాల మీదే నిలబడి, తాను నిలబడ్డ పట్టాలనే రెండు చేతులతో పట్టి పైకెత్తింది. ఇనుప వేళ్ళు కంకరలోకి దించి గజగజ వణికించింది. అప్పుడు నెమ్మదిగా వదిలి, ఒక అడుగు ముందుకు జరిగి, మళ్ళీ. పసిపిల్లను పడుకోబెట్టి పక్క సర్దినట్టు. నా కాళ్ళ కింద నేల అదిరింది. నోరు తెరుచుకుని నిలబడ్డాను.

లైనుకు అటువైపు, కంకర కుప్ప మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. చారల చొక్కా. పక్కన స్టీలు డబ్బా. అతనూ నాలాగే ఆ యంత్రాన్నే చూస్తున్నాడు.

నేను చెట్టు చాటుకు జరిగి ఇంటికి వచ్చేశాను.

నవంబరు 27

ఆ చారల చొక్కా చాలామందికి ఉంటుంది. స్టీలు డబ్బాలు అందరికీ ఉంటాయి.

నవంబరు 30

"షెడ్డుల ఏం పని చెప్తున్నరు?" అని అన్నం పెడుతూ అడిగాను. "ఉంటయ్ పనులు" అన్నారు.

మజ్జిగ పోశాను.

డిసెంబరు 3

ఆయనే.

డిసెంబరు 6

ఈ రోజు నేను చెట్టు చాటుకు పోలేదు. గేటు దగ్గర లైను దాటి నేరుగా ఆ కంకర కుప్ప దగ్గరికి నడిచాను. ఆయన నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. దొరికిపోయినట్టు లేదు ఆయన ముఖం. అలిసిపోయినట్టుంది.

"ఎప్పటిసంది వస్తున్నవు?" అన్నారు.

"మీ కంటె ముందే వచ్చిన కావచ్చు."

పక్కన చోటు చేశారు. కూర్చున్నాను. డబ్బా విప్పి చెరో రొట్టె తిన్నాం. ఎదురుగా కూలీలు పట్టా జరుపుతున్నారు. ఒకతను పాడితే మిగతావాళ్ళు అందుకుంటూ, ఆ అందుకున్న మాట దగ్గర అందరూ ఒక్కసారి గునపం మీద వాలుతున్నారు. పట్టా వెంట్రుకవాసి జరుగుతోంది.

"సెలవు ఎవ్వరియ్యలే అనసూయా. పాణం బాగలేదని సిక్‌ల పెట్టుకొని వచ్చిన."

"ఎరుకే."

"ఎట్ల?"

"సెలవుకొచ్చినోళ్లు ఇట్ల చిక్కిపోతరా?"

ఆయన ఖాళీ డబ్బాకు మూత పెట్టారు. తర్వాత ఆయనే మొదలుపెట్టారు. నేను ఆయన వైపు చూడలేదు. చూస్తే ఆపేస్తారని పట్టాల వైపే చూస్తూ కూర్చున్నాను.

ట్రైనింగులో ఇంజిన్ ఎక్కిస్తారు. పెద్ద డ్రైవరు నడుపుతుంటే పక్కన కూర్చుని చూడాలి. మొదటి రోజు ఆయన సంతోషం చెప్పలేనంతట. "ఏనుగు మీద కూసున్నట్టు ఉండె. కాదు, ఏనుగు ఎంత. కొండ మీద కూసున్న, కొండ ఉరుకుతున్నది." వెనక ఎన్ని డబ్బాలున్నాయో మలుపులో తల తిప్పితేగాని తెలియదట. ఆ బరువంతా ఒక చిన్న పిడిని తోస్తే కదులుతుందట.

తర్వాత ఒక రోజు, వరోరా స్టేషను దాటాక.

"ముసలామె. నెత్తి మీద కట్టెల మోపు. లైను మీద నడుస్తున్నది. కూత కొట్టినం. దూరమే ఉన్నది, మస్తు దూరం. డ్రైవరు సాబు ఎంబడే బ్రేకు వేసిండు. తప్పేం లేదు ఆయనది. ఆమె వెనుకకు మళ్లి చూసింది. చూసి..."

కంకర రాయి ఒకటి చేతిలోకి తీసుకున్నారు.

"చూసి, మోపు దించుకుంటున్నది అనసూయా. మెల్లగ. కట్టెలు చెదరకుండ. దించి పక్కకు జరుగుదామని. మన బండి లెక్క ఆగుతదనుకున్నది. బ్రేకు పడ్డది, చక్రాలు మొత్తుకుంటున్నయ్, బండి మాత్రం పోతనే ఉన్నది. పోతనే ఉన్నది."

పట్టా జరిపే పాట ఆగింది. కూలీలు నీళ్ళు తాగడానికి కూర్చున్నారు.

"దిగి వెనుకకు నడిచినం. ఎంత దూరం నడిచినమో. గంత దూరం ఆగలే అది."

ఆయన చేతి మీద చెయ్యి వేశాను. పట్టపగలు, అంతమంది ముందు. ఆయన తీసేయలేదు.

డిసెంబరు 7

నాకు భయం లేదు. ఆయన ఇక ఇంజిన్ ఎక్కనంటే వద్దు. స్టేషనులో ఏ పని ఇచ్చినా సరే.

ప్రతిభతో ఏం చెప్పాలి?

డిసెంబరు 10

పొద్దున టీ తాగుతూ ఉన్నట్టుండి అన్నారు. "కెల్జర్ల కట్టెలు కొట్టే సమ్మక్క ఉన్నది కద. లైను మీదనే నడుస్తది."

"ఆమె ఒక్కతేనా, అందరు లైను మీదనే నడుస్తరు. అడవిల వేరే తొవ్వ ఏడున్నది?"

"వాళ్లకు తెల్వదు" అన్నారు. టీ అలాగే వదిలేసి లేచారు. "చిన్న బండి తప్ప ఇంకోటి చూసినోళ్లు కారు. వాళ్లకు ఎవరన్న చెప్పాలె."

డిసెంబరు 14

ఎర్ర బస్సులో మూల్ పోయి, అక్కడినుంచి నడక. నేనూ పోయాను. ఆడవాళ్ళకు ఆడదాని మాట వేరు అన్నాను గాని, నిజం చెప్పాలంటే ఆయన్ను ఒంటరిగా లైను వెంట పంపడానికి మనసొప్పలేదు.

రైల్వేవాళ్ళు బోర్డులు పెట్టారు. డప్పు కూడా వేయించారట. అందరికీ పెద్ద బండి వస్తుందని తెలుసు. ఎప్పుడొస్తుంది, టికెట్టెంత, అందులో కక్కసు ఉంటుందా, ఇవి అడుగుతున్నారు. వేగం గురించి ఆయన చెబితే మర్యాదగా తల ఊపుతున్నారు. మనం కూడా అలాగే ఊపుతాం, చందమామ ఎంత దూరమో ఎవరైనా చెబితే.

డిసెంబరు 20

రెండు ఊళ్ళు. టీలు తాగించి పంపారు. ఎవరూ వినలేదు.

జనవరి 4

కెల్జర్ పోయాం. సమ్మక్క రాజురా వైపు ఆడపడుచు, కోడలై ఈ అడవికొచ్చింది. అందుకే మాతో తెలుగు. ఆయన్ను చూసి చేతులు చాచింది. "నా సుదర్శనొచ్చిండు! నీ బండిని ఎత్తుకపోయిన్రట కద బిడ్డా."

ఆయన మొదలుపెట్టారు. ఈ బండి వేరు, దూరంగా కనబడినా లైను దిగాలె, మోపుంటే పడేసి ఉరకాలె. సమ్మక్క నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. చుట్టూ ఉన్న కోడళ్ళూ నవ్వారు.

"నువ్వుంటవు కద బిడ్డా. ఆపుతవు."

ఆయన ముఖం చూశాను. నేను అక్కడ లేకపోతే బాగుండుననిపించింది.

"నేనున్నా ఆగదు సమ్మక్కా."

"ఎందుకు ఆగదు? ఇన్నేండ్లు ఆపలేదా?"

ఆయన వాళ్ళందరినీ లేపి లైను దగ్గరికి తీసుకుపోయారు. కొత్త పట్టాలు అడవిని నడిమికి చీల్చి, సూటిగా, ఎండలో మెరుస్తూ ఉన్నాయి. సమ్మక్కను పట్టాల పక్కన ఒక రాయి దగ్గర నిలబెట్టారు. "నువ్వు ఈడనే ఉండు. నేను పొయ్యి పిలుస్త" అని, నా ఎర్ర తువాలు తీసుకుని లైను వెంట నడవడం మొదలుపెట్టారు.

మొదట అందరూ నవ్వుతూ చూశారు. ఆయన నడుస్తున్నారు. "ఏడికి పోతుండు ఈ పిలగాడు" అంది సమ్మక్క. ఆయన నడుస్తూనే ఉన్నారు. మనిషి చిన్నగా అయ్యారు. చారల చొక్కాలో చారలు పోయాయి. తర్వాత చొక్కా పోయి ఒక గీతలా మిగిలారు. కోడళ్ళ నవ్వు ఆగింది. ఎవరో "ఇంకనా?" అన్నారు. రెండు పట్టాలు ఒకటయ్యే చోటు దగ్గర ఆ గీత ఆగి, ఇటు తిరిగింది. ఎర్ర చుక్క ఒకటి పైకి లేచింది. ఏదో అరిచారు. మాట రాలేదు, అరుపు కూడా సగమే వచ్చింది.

నేను చెప్పాను. "ఆడ బ్రేకు వేస్తే, బండి ఈడికి వచ్చి ఆగుతది. నువ్వు నిలబడ్డ రాయి దగ్గరికి."

సమ్మక్క అటు చూసింది. తన కాళ్ళ దగ్గరి రాయిని చూసింది. మళ్ళీ అటు చూసింది. "అమ్మో" అంది. భయంతో కాదు, గర్భగుడిలో అంటారే, అలా. తర్వాత మెల్లగా రెండడుగులు వెనక్కి జరిగింది. అందరూ జరిగారు. నేనూ జరిగాను.

ఆయన తిరిగొచ్చేసరికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఎవరూ కదల్లేదు.

జనవరి 11

అన్ని ఊళ్ళలోనూ ఇప్పుడు ఇదే. ఆయన నడుస్తారు, నేను చెబుతాను. చెప్పి చెప్పి గొంతు పోయింది. రాజోలీలో ఒక తాత, ఆయన వెనకే తానూ అంత దూరం నడిచి చూసి వచ్చాడు.

ఆయన అన్నం సరిగా తింటున్నారు.

ఫిబ్రవరి 2

రైల్వే ఇన్‌స్పెక్టర్ సాబు ఆయన్ను పిలిపించారు. సిక్ సంగతి అడుగుతారని భయపడ్డాను. మా ఊళ్ళ తిరుగుడు ఇన్‌స్పెక్టర్ చెవిన పడిందట. మొదటి బండికి బాపురావు అనే డ్రైవరు వస్తున్నాడు, మంచి చెయ్యి, కానీ ఈ దారి కొత్త. జనం ఎక్కడ దాటుతారో, పశువులు ఎక్కడికి దిగుతాయో నువ్వు పక్కన ఉండి చెప్పు అన్నారట.

"పోతరా?"

"పోనా?" అని నన్నే అడిగారు.

ఫిబ్రవరి 9

అరచేతికి గుడ్డ కట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు సరిగా రావు.

నేను కెల్జర్‌లో సమ్మక్క దగ్గర ఉన్నాను. ఊరంతా వచ్చింది, కొత్త బట్టలు కట్టుకుని. సమ్మక్క తన మేకను కూడా తోలుకొచ్చి చెట్టుకు కట్టింది. లైనుకు దూరంగా నిలబడ్డాం. ముందు కూత వినబడింది. అడవి అవతలనుంచి, చాలా ముందుగా. ఆగి ఆగి కాదు, విడవకుండా. అది ఆయన చెప్పి వేయిస్తున్న కూత అని నాకు తెలిసింది. తర్వాత అదురు అరికాళ్ళకు వచ్చింది. ఆ తర్వాత చెట్ల మీది పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. మలుపు తిరిగి కనబడింది. ఒకామె చేతులు జోడించింది.

అప్పుడు ఆ మేక తాడు తెంపుకుని లైను ఎక్కింది.

సమ్మక్క "నా మేక" అంటూ లైను అంచుదాకా ఉరికింది. అడుగు వేసింది. అన్నీ విన్న మనిషే, రెండడుగులు వెనక్కి జరిగిన మనిషే. అయినా చెయ్యెత్తి బండికేసి ఊపుతూ అడుగు వేసింది, ఎన్నేళ్ళుగానో ఊపినట్టే. నేను వెంటే ఉరికి వెనకనుంచి నడుము పట్టుకుని లాగాను. ఇద్దరం కంకర మీద పడ్డాం. గాలి మా మీదుగా పోయింది. నేల, ఆకాశం, చెవులు, అన్నీ అదే అయ్యాయి. చక్రాలు అరుస్తున్నాయి. పోతూనే ఉంది, పోతూనే ఉంది.

ఆగినప్పుడు వెనక డబ్బా కూడా మాకు దూరంగా ఉంది.

మేక పోయింది. సమ్మక్క కూర్చుని, మోచేతి రక్తం తుడుచుకోకుండా ఆ దూరాన్నే చూసింది. "ఆగలే" అంది. "వాడు ఉన్నా ఆగలే."

ఇంజిన్ దగ్గరినుంచి ఒక మనిషి లైను వెంట పరుగెత్తుకొస్తున్నారు. పడుతూ లేస్తూ. నేను లేచి నిలబడి రెండు చేతులూ ఊపాను. బతికే ఉంది, బతికే ఉంది అని అరిచాను. వినబడలేదేమో, పరుగు ఆపలేదు. మా దగ్గరికి వచ్చాకే ఆగారు. సమ్మక్క తలను, భుజాలను తడిమి చూశారు. నిజంగా ఉందా అన్నట్టు.

ఫిబ్రవరి 10

ఈ పొద్దున వాకిట్లో కూర్చుని చెప్పారు. ఇంజిన్లోంచి ఆమె అడుగు వేయడం కనబడిందట. ఆ తర్వాత మనిషి ఇంజిన్ ముక్కు కిందికి వచ్చేస్తుంది కాబట్టి ఏమీ కనబడదట. ఆమె బతికిందో లేదో మా దగ్గరికి వచ్చేదాకా ఆయనకు తెలియదు.

"బాపురావు సాబు కూడ ఏడ్చిండు" అన్నారు. నా వైపు తిరిగి, "నువ్వు పట్టుకున్నవు" అన్నారు.

తర్వాత, "దాన్ని ఆపుడు నా తోని కాదు అనసూయా. ఎవ్వని తోని కాదు. గాని ముందుగాల చూడొచ్చు. ముందుగాల కూత పెట్టొచ్చు. ఈ తొవ్వల మనుషులు ఏడ నడుస్తరో తెలిసినోడు ఆ సీట్ల కూసుండాలె కద."

నేను లేచి ఆయన చారల చొక్కా ఉతకడానికి నానబెట్టాను.

ఫిబ్రవరి 16

ట్రైనింగుకు పోయారు. ప్రతిభ స్టేషనుకు పోయి సాగనంపింది. నేను పోలేదు. పని ఉంది.

పనేమీ లేదు.

మార్చి 3

ఉత్తరం రాలేదు. రాకపోతే మంచిదే, తీరిక లేదన్నమాట.

జూన్ 21

ఈ రోజు నాగభీడ్ బండి ఎక్కాను. ఆయన ఇప్పుడు దాని మీద అసిస్టెంటు డ్రైవరు. టికెట్టు కొనుక్కుని, కిటికీ దగ్గర కూర్చున్నాను. అడవి కిటికీలోంచి పోతూ ఉంది, చెట్టు చెట్టుగా కాదు, ఒక్క ఆకుపచ్చ గుడ్డలా లాగుతున్నట్టు. పెళ్ళయిన కొత్తలో పూటంతా పట్టిన దారి. ఇంత తొందరగా పోతుంటే ఎక్కడో గుండె కిందికి జారినట్టుంది. భయమా అంటే కాదు. పిల్ల పుట్టినప్పుడు మొదటిసారి చూసినట్టు, ఇది నిజమేనా అన్నట్టు.

కెల్జర్ రాకముందే కూత మొదలైంది. చాలా ముందుగా. విడవకుండా. డబ్బాలో ఎవరో చెవులు మూసుకుని విసుక్కున్నారు.

ఊచలకు ముఖం ఆనించి చూశాను. లైనుకు దూరంగా, చెట్ల అంచున ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. మోపులు నేల మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి, దించినవి కావు, పడేసినవి. అందరూ చేతులు ఊపారు. నేనూ ఊపాను. వాళ్ళలో ప్రతి ఒక్కరి పేరూ నాకు తెలుసు. ఒక్క ముఖమూ కంటికి నిలవలేదు. సమ్మక్కా అని పిలవడానికి నోరు తెరిచేలోపు వాళ్ళు వెనక్కి పోయారు, అడవి వచ్చేసింది.